మూడు వేల మూడు వందల ఎనభై తొమ్మిదో తలుపు

నేను చదివింది ఏడో తరగతి, అదీ ఏన్కూరు దగ్గర మా ఊరి బళ్లో. అయినా ముప్పై ఎనిమిదేళ్లు టెలిఫోన్ శాఖలో లైన్‌మన్‌గా చేసి, ఒక్క మెమో కూడా తీసుకోకుండా రిటైరయ్యాను. ఎనభై ఆరు గోదావరి వరదలో పర్ణశాల వైపు స్తంభాలన్నీ పడిపోతే, నాటు పడవలో తీగ చుట్టలు వేసుకుపోయి నాలుగో రోజుకల్లా లైను మాట్లాడించిన నలుగురిలో నేనొకణ్ణి. ఏ తీగ మీద ఏ మాట పోతోందో చెవి పెడితే చెప్పగలననే పేరుండేది నాకు. లైన్ల సంగతి నాకు తెలిసినట్టు ఈ చుట్టుపక్కల ఎవరికీ తెలియదని నేనూ నమ్మాను. ఆ నమ్మకం పూనెం ప్రమీలారాణి ముందు పోయింది. ఆమె సంగతి రాయాలనే కూర్చున్నాను.

మా ఊరికీ ఇప్పలగుంపుకూ మధ్య ఒక వాగే అడ్డం. గుంపులో నలభై ఇళ్లు, అందరూ కోయవాళ్లు. ప్రమీలారాణి అక్కడే పుట్టింది. ఆశ్రమ పాఠశాలలో చదివి, ఇంటర్‌లో లెక్కలు ఒకసారి తప్పి మళ్లీ రాసి పాసై, భద్రాచలంలో ఆరు నెలలు కంప్యూటర్ నేర్చుకొచ్చింది. భర్త బలరాం అశ్వారావుపేటలో పామాయిల్ గెలల ట్రాక్టర్ తోలతాడు, ఆదివారానికి వస్తాడు. ప్రమీలారాణి మనిషి పొట్టి, గొంతు పెద్దది. వాగు దాటేటప్పుడు చెప్పులు చేత్తో పట్టుకుని, అవతలి ఒడ్డున ఎవరుంటే వాళ్లతో ఇవతలి నుంచే మాట మొదలుపెడుతుంది. ముప్పై రెండేళ్లకే గుంపులో ఎవరికి ఏ కాగితం కావాలన్నా ఆమె ఇంటికే పోయేవారు.

గుంపు కమిటీకి ఒక గది ఉంది. ఒక స్వచ్ఛంద సంస్థ వాళ్లు అందులో కంప్యూటర్ పెట్టించి, ఇంటర్నెట్ తీగ లాగించారు. పోడు భూముల పట్టాల కోసం దరఖాస్తులు తయారుచేయడం ప్రమీలారాణి పని. అడవి కొట్టుకుని ఏళ్ల తరబడి దున్నుకుంటున్న వాళ్లకు చేతిలో కాగితం ఉండదు. కాగితం లేనివాళ్లకు ఊరి పెద్ద మనిషి ఎవరైనా, ఆ ఇంటివాడు కానివాడు, ఫలానా వాళ్లు ఫలానా కాలం నుంచి ఈ భూమి దున్నడం నేను చూశానని చెబితే అది సాక్ష్యంగా పనికొస్తుంది. అందుకని ఆమె ముసలివాళ్లను చేల గట్ల మీదికి తీసుకుపోయి, అక్కడ నిలబెట్టి మాట్లాడించి, ఫోన్‌లో వీడియో తీసేది. ఆ తర్వాత తీరిక చూసుకుని ఆ మాటలు కాగితం మీద రాసి, వేలిముద్ర వేయించేది. ఫోన్‌లో చోటు చాలక, వీడియో కంప్యూటర్‌లోకి ఎక్కగానే ఫోన్‌లోది తీసేసేది.

తొమ్మిది మంది సాక్ష్యాల్లో ఎనిమిది కాగితం మీదికొచ్చాయి. మిగిలింది బొజ్జయ్యది. అది కొండమ్మ భూమి గురించి. కొండమ్మకు ఎనభై దాటాయి, మొగుడు లేడు, పిల్లలు లేరు, ఉన్నది నాలుగెకరాల పోడు. ఆమె మొగుడితో కలిసి ఆ అడవి కొట్టిన వాళ్లలో బతికున్నవాడు బొజ్జయ్య ఒక్కడే. గుంపుకు దూరంగా విడిగా ఉన్న చేను కాబట్టి, చూశామని చెప్పగల ముసలివాళ్లు ఇంకెవరూ లేరు. పద్నాలుగు నిమిషాలు మాట్లాడాడు. ఆ రోజు నేనూ గట్టు మీదే ఉన్నాను. ఏ మొద్దు ఎవరు నరికారో, ఏ బండ ఎవరు దొర్లించారో కర్రతో చూపిస్తూ చెప్పాడు. వేలిముద్రకు రమ్మన్న రోజున జ్వరమన్నాడు. శివరాత్రికి ముందు పోయాడు. కాగితం లేకపోయినా వీడియో చూపిస్తే చాలునని పై ఆఫీసు వాళ్లు ప్రమీలారాణికి చెప్పారు. విచారణ జూన్‌లో. కొండమ్మ నాలుగెకరాలు ఆ పద్నాలుగు నిమిషాల మీద ఆగి ఉన్నాయి.

నేను రోజూ పొద్దున్నే పేపర్ చదవడానికి ఆ గదికి పోయేవాణ్ణి. ప్రమీలారాణి గది ఊడ్చి, కంప్యూటర్ ఆన్ చేసి, ముందుగా నల్లటి తెర ఒకటి తెరిచి ఏదో కొట్టేది. తెర నిండా అంకెలు దిగేవి. వాటిని చూసి ఒక నోట్‌బుక్‌లో రాసుకునేది. వారం రోజులు ఊరుకుని, ఎనిమిదో రోజు అడిగాను.

"ఏందే పిల్లా, పొద్దుగాల్నే గా లెక్కలు?"

"తలుపులు చూస్తున్న తాతా. కంప్యూటర్‌కు తలుపులుంటయి. పోర్టులంటరు. ఏవి తెరిచున్నయో, ఏవి మూసున్నయో చూసుకోవాలె."

"ఎన్నుంటయి?"

"అరవై అయిదు వేల అయిదు వందల ముప్పై అయిదు."

"గింత పెట్టెకా? మా ఎక్స్ఛేంజ్ మొత్తం కలిపినా అయిదు వందల లైన్లు లేకుండె."

"అందుకే మీ ఎక్స్ఛేంజ్ మూతబడ్డది."

నాకు కోపం రావాల్సింది, నవ్వొచ్చింది. ఆమె తెర నా వైపు తిప్పి విడమరిచి చెప్పింది. లిజనింగ్ అని ఉంటే ఆ తలుపు వెనక ఎవరో కూర్చుని, వచ్చేవాళ్ల కోసం చెవి పెట్టుకుని ఉన్నట్టు. ఎస్టాబ్లిష్డ్ అని ఉంటే వచ్చినవాడు లోపల మాట్లాడుతున్నట్టు. లోపల కొన్ని తెరిచే ఉంటాయి, వాటితో పని ఉంటుంది. కానీ బయటి లోకం నుంచి చూస్తే ఒక్కటీ తెరిచి ఉండకూడదు. బయటి నుంచి చూడడానికి ఇంటర్నెట్‌లోనే ఒక చోటుంది. అక్కడ నంబర్ కొడితే ఆ తలుపు మూసుందో లేదో చెబుతుంది. రోజూ లోపలి నుంచి ఒకసారి, బయటి నుంచి ఒకసారి చూసేది. భద్రాచలంలో ఆమెకు నేర్పిన మేడమ్ చెప్పిందట, పళ్లు తోముకున్నట్టు రోజూ చేయమని. అక్కడ నేర్చుకున్న ముప్పై మందిలో ఇంకా ఎవరైనా చేస్తున్నారో లేదో. ఈమె మాత్రం మూడేళ్లుగా ఒక్క రోజు తప్పలేదు. పనిలో పట్టుదల అంటే నాకు గౌరవం. నేనూ ముప్పై ఎనిమిదేళ్లు పొద్దున్నే లైన్లు టెస్ట్ చేసిన వాణ్ణే.

మే నెల చివర్లో చేల హద్దులు చూపించే మ్యాపుల సాఫ్ట్‌వేర్ తెరుచుకోవడం మానేసింది. అది అమర్చినవాడు ఖమ్మంలో ఉండే ప్రేమ్‌సాగర్. ప్రమీలారాణి ఫోన్ చేసింది. ఆమె ఫోన్ ఎప్పుడూ స్పీకర్‌లోనే ఉంటుంది కాబట్టి నేనూ విన్నాను.

"అక్కా, గా అడవిలకు నేనేడ రావాలె? ఒక్క పోర్టు తెరువు, ఈడ కూసునే నీ కంప్యూటర్ల పని జేస్తా. మూడు వేల మూడు వందల ఎనభై తొమ్మిది. రౌటర్‌ల గూడ తెరవాలె. పాస్‌వర్డ్ సులువుది పెట్టు, నాకు యాదుంటది."

"ఎప్పుడొస్తవ్ తమ్మీ?"

"రేపు పదింటికి. పక్కా."

అతను చెప్పినట్టే అన్నీ చేసింది. పాస్‌వర్డ్ గుంపు పేరు, దాని పక్కన ఒకటి రెండు మూడు. మర్నాడు పదైంది, పన్నెండైంది, ప్రేమ్‌సాగర్ రాలేదు. ఫోన్ చేస్తే సత్తుపల్లిలో ఉన్నానక్కా, రేపు అన్నాడు. మూడో రోజు ఫోన్ ఎత్తలేదు.

నాలుగో రోజు పొద్దున ప్రమీలారాణి బయటి నుంచి చూసే పరీక్ష చేసి నా వైపు తిరిగింది. ఓపెన్ అని ఎర్ర అక్షరాల్లో ఉంది.

"తాతా, మూయాల్నా వద్దా?"

"నువ్వేమనుకుంటున్నవ్?"

"మేడమయితే జల్దీ మూసెయ్యమంటది. గానీ పిలిచినం గద."

ఈ మాట ఇప్పలగుంపు బయటి వాళ్లకు అర్థం కాదు. గుంపులో ప్రతి ఇంటి చుట్టూ దడి, దడికి తలుపుగా వెదురు తడిక ఉంటాయి. ఒక మనిషిని రమ్మని పిలిచారంటే, అతను వచ్చేదాకా ఆ తడిక అడ్డం పెట్టరు. కోళ్లు బయటపడనీ, పశువులు లోపలికి రానీ, పెట్టరు. పెడితే పిలుపు వెనక్కి తీసుకున్నట్టే. అట్లా తడిక పెట్టినందుకు రెండు ఇళ్ల మధ్య ఏళ్ల తరబడి మాటలు లేకపోవడం నేను చూశాను. అందులోనూ ప్రేమ్‌సాగర్ ఊరికే పని చేసిపెడతానన్న మనిషి. మూసేశాక అతను వచ్చి చూస్తే ఏమనుకుంటాడు? ఆమె బాధ అది.

నేనేం చెప్పానో రాయకపోతే ఈ రాత అబద్ధమవుతుంది. మా శాఖలో ఒక పద్ధతుండేది. అవతలి ఎక్స్ఛేంజ్ ఇంజనీరు లైను పరీక్ష చేస్తానంటే, ఆయన నోటితో అయిపోయిందని చెప్పేదాకా మనం తీగ పీకకూడదు. గాలివానలో స్తంభం మీద రెండు గంటలు అట్లా కూర్చున్నవాణ్ణి నేను, దానికి మెచ్చుకోలు కూడా పొందాను. అదే చెప్పాను.

"నడుమ పీకేస్తే అవతలోని పని చెడుతదే. ఇంకో రెండు రోజులు ఉంచు. గీ అడవిల మన పెట్టె ఎవనికి కావాలె?"

"గంతేనంటవా?"

"నేను చెప్తున్న గద."

ఆమె నోట్‌బుక్‌లో రాసుకుంది, తెరిచే ఉంది, ప్రేమ్‌సాగర్ కోసం అని. నా మాట మీద ఆమెకు అంత నమ్మకం.

ఆరో రోజు నేను పోయేసరికి ఆమె నిలబడి ఉంది. కుర్చీ పక్కకు పడి ఉంది. తెర మీద ఇంగ్లిష్‌లో నాలుగు పేరాలు. ఫైళ్లన్నీ ఉన్నాయి, కానీ ప్రతి ఫైలు పేరు చివర ఏదో తోక అతికించి ఉంది, ఏది నొక్కినా తెరుచుకోవడం లేదు. ఆమె నల్ల తెర తెరిచి కొట్టింది. మూడు వేల మూడు వందల ఎనభై తొమ్మిది పక్కన ఎస్టాబ్లిష్డ్ అని ఉంది, ఆ పక్కన ఎక్కడిదో తెలియని చిరునామా అంకెలు.

"వాడు ఇంక లోపల్నే ఉన్నడు తాతా," అని వెనక్కి పోయి ఇంటర్నెట్ తీగ పీకేసింది.

పీకి ఏం లాభం. అన్నీ తాళాలు పడ్డాయి. జాగ్రత్త కోసమని అన్నిటికీ నకళ్లు దాచిన చిన్న డబ్బా కూడా ఆ కంప్యూటర్‌కే తగిలించి ఉంది. దానికీ తాళం పడింది. ఫోన్‌లో వీడియో ఎప్పుడో తీసేసింది. తెర మీది ఉత్తరంలో తాళం చెవి కావాలంటే ఇంత కట్టమని, అది కూడా మనకు తెలియని ఏవో ఇంటర్నెట్ నాణేల్లో కట్టమని ఉంది. గుంపు మొత్తం అమ్మినా అది రాదు. కట్టినా చెవి ఇస్తారనే నమ్మకమూ లేదని తర్వాత అందరూ చెప్పారు.

ఆ రోజు ప్రేమ్‌సాగర్ ఫోన్ ఎత్తాడు.

"అక్కా, నువ్వింక మూయలేదా?"

"నువ్వొస్తనంటివి గద తమ్మీ."

"రాకపోతే మూసేస్తవనుకున్న. ఎవడన్న వారం రోజులు తెరిచి పెడ్తడా? తెరిపించింది నేనేనని తెలిస్తే నన్నేమంటరు?"

"పిలిచినదాన్ని నేనే, నేనెట్ల మూస్త?"

అతను మనసులో ఉన్నది దాచుకోకుండా, "నాతోటి గూడ కాదక్కా, గట్ల తాళం పడ్డంక ఎవ్వనితోటి కాదు," అన్నాడు. నేను అతణ్ణి తిట్టాలని ఫోన్ అందుకున్నాను. తిట్టకుండానే తిరిగి ఆమె చేతికిచ్చాను. ఉంచమన్నది నేను.

విచారణకు ఇంకా తొమ్మిది రోజులే ఉన్నాయి. ఆ తొమ్మిది రోజులు ప్రమీలారాణి తిరగని చోటు లేదు. పోలీసుల దగ్గర ఫిర్యాదు రాయించుకుని ఒక నంబర్ ఇచ్చారు. ఖమ్మంలో పాడైన కంప్యూటర్లలోంచి ఫైళ్లు తీస్తానని బోర్డు పెట్టుకున్నవాడు డబ్బా ఒక రోజంతా ఉంచుకుని, తల అడ్డంగా ఊపి తిరిగిచ్చాడు. భద్రాచలంలో నేర్పిన మేడమ్ వేరే ఊరికి మారిపోయింది. ఆమె నంబర్ దొరికించుకుని మాట్లాడితే, "అయ్యో ప్రమీలా, నువ్వు రోజూ చూసేదానివి కదా," అంది. ఆ మాటకు ప్రమీలారాణి బస్టాండ్‌లోనే కూర్చుండిపోయిందని బలరాం చెప్పాడు. అతను పని మానుకుని ఆమె వెంట తిరిగాడు. నేనూ తిరిగాను, అన్ని ఆఫీసుల్లోనూ నా ముప్పై ఎనిమిదేళ్ల సర్వీసు చెప్పాను. అందరూ కుర్చీ వేశారు. అంతకు మించి ఎవరూ ఏమీ చేయలేకపోయారు.

కొండమ్మకు మూడో రోజున తెలిసింది. కర్ర పట్టుకుని నెమ్మదిగా గదికి వచ్చి, కంప్యూటర్ ముందు కింద కూర్చుంది.

"బొజ్జయ్యను పిలువే పిల్లా."

"రాడవ్వా. తాళం పడ్డది."

"ఎవలేసిన్రు?"

"తెల్వదు."

"వాళ్లకేం గావాలె? నా చెలకనా?"

"నీ చెలక సంగతి వాళ్లకు తెల్వదవ్వా. బొజ్జయ్య సంగతి గూడ తెల్వదు."

"మరెందుకేసిన్రే?" అని అడిగింది కొండమ్మ. ముసలామె కోపగించుకోలేదు. తెర వైపు చూస్తూ కూర్చుని, కాసేపటికి లేచి, రేపు మళ్లీ వచ్చి చూస్తానంది. అన్నట్టే రోజూ వచ్చింది. కోపగించుకుని ఉంటే ప్రమీలారాణికి కాస్త తేలికయ్యేదేమో. ఆ తొమ్మిది రోజులూ ఆమె గొంతు పెద్దగా వినలేదు నేను. పొద్దున్నే నల్ల తెర తెరిచేది, తీగ లేని కంప్యూటర్‌లో తలుపులు లెక్కపెట్టేది, రాసుకునేది. ఎందుకని అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.

చుట్టుపక్కల గుంపులన్నిటికీ కలిపి విచారణ పంచాయతీ ఆఫీసులో పొద్దున పదకొండింటికి మొదలైంది. వచ్చిన సారు చెడ్డ మనిషి కాదు. ముసలివాళ్లను ముందు పిలిచాడు, మంచినీళ్లు ఇప్పించాడు. ముందు ఇప్పలగుంపు వంతు, ఎనిమిది దరఖాస్తులు ఇబ్బంది లేకుండా పోయాయి. తొమ్మిదోది కొండమ్మది.

"సాక్షి ఎవరు?"

"బొజ్జయ్య సార్," అంది ప్రమీలారాణి. "పోయిండు. వీడియో ఉండె. కంప్యూటర్ల తాళాలు పడ్డయి." ఫిర్యాదు కాగితం ముందు పెట్టింది.

సారు అంతా చదివాడు. "వీడియో పోయిందనడానికి ఇది ఆధారం. అందులో ఏముందో దానికి ఆధారం కాదు కదమ్మా. ఇంకెవరైనా ఉన్నారా?"

నేను లేచాను. "నేనున్నాను సార్. బొజ్జయ్య మాట్లాడినప్పుడు పక్కనే ఉన్నాను."

"విన్న మాట పనికిరాదు పెద్దాయనా. ఆమె దున్నుతుంటే మీ కళ్లతో చూసి ఉండాలి."

"చూశాను సార్. తొంభై ఎనిమిదిలో ఆ గట్టు వెంబడే పద్నాలుగు స్తంభాలు పాతించాను. టెలిఫోన్ శాఖలో ముప్పై ఎనిమిదేళ్లు చేశాను. ఒక్క మెమో లేదు."

స్తంభాల మాట నిజం. సారు కలం తీశాడు. "మంచిది. అప్పుడు చేలో ఎవరున్నారు? ఏ పంటుంది?"

నాకు ఆ పద్నాలుగు స్తంభాల నంబర్లు ఈ రోజుకీ నోటికొస్తాయి. తీగ ఎక్కడ వేలాడిందో, ఎక్కడ బిగించానో చెప్పగలను. చేలో మాత్రం ఎవరున్నారో గుర్తు లేదు. నేను పైకి చూశాను గాని పక్కకు చూడలేదు. అయినా అన్నాను, "ఈమే సార్, ఈమె మొగుడూ ఉన్నారు. జొన్న వేసి ఉంది."

"జొన్నెక్కడిదన్నా?" అంది కొండమ్మ వెంటనే, నన్ను సరిదిద్దుతూ. "ఆ యేడు పందులు తొక్కినయని నువ్వులు గద చల్లితిమి. నా మొగడు గూడ లేకుండె, కూలికి పోయిండు. నువ్వు మర్సినట్టున్నవ్."

ఎవరో కిసుక్కుమన్నారు. ప్రమీలారాణి కళ్లు మూసుకుంది. సారు నా వైపు చూసి, కలానికి మూత పెట్టాడు. ముప్పై ఎనిమిదేళ్లలో అట్లా ఒక అధికారి ముందు తల దించుకున్నది అదే మొదలు. అబద్ధం ఆడినందుకు సిగ్గు ఒక ఎత్తు. నిజం చెప్పడానికి నా దగ్గర ఏమీ లేకపోవడం ఇంకో ఎత్తు.

మూత మళ్లీ తీసి సారు ఒక వాక్యం రాశాడు. రాసి కాగితం ఇటు తిప్పాడు. కొండమ్మ వేలు పట్టుకుని సిరా డబ్బాలో అద్ది ముద్ర వేయించాల్సిన పని ప్రమీలారాణిదే. వేయించింది.

"ఏం రాసిండే?" అని అడిగింది కొండమ్మ.

ప్రమీలారాణి నా వైపు చూసింది. నేను కిటికీ వైపు చూశాను. చదవకుండా తప్పించుకునే దారి ఆమెకు లేదు, గుంపులో అందరి కాగితాలూ చదివి చెప్పేది ఆమే.

"సాక్షి లేనందున పెండింగ్ అని రాసిన్రవ్వా."

"లేడని ఎట్ల రాస్తరే? నువ్వింటివి గద. గీ అన్న ఇన్నడు గద. పద్నాలుగు నిమిషాలు జెప్పిండు బొజ్జయ్య."

"అవ్ అవ్వా. చెప్పిండు."

"మరి గది చెప్పు సారుకు."

ప్రమీలారాణి సారుకు మళ్లీ చెప్పింది, మొదటి నుంచి, ఏ మొద్దు ఎవరు నరికారో, ఏ బండ ఎవరు దొర్లించారో. సారు ఆపలేదు. చివరిదాకా విని, కాగితం తీసి ఫైల్లో పెట్టి, పదో పేరు పిలవమన్నాడు.